వెయిన్, కన్సీటెడ్, యారొగెంట్... అన్నిటికీ ‘గర్వం’ అంటే ఎలా?

కొత్తకలం:

అందరికీ నమస్కారం. ఇంగ్లీషులో చిన్న కథ ఒకటి రాశాను. చదివి చెప్పమని ఒక ఫ్రెండ్‌కి ఇస్తే ఆమె ఒకే మాట కింద ఏడు చోట్ల గీత గీసి పంపింది. ఆ మాట యారొగెంట్. కథలో ముఖ్యంగా ముగ్గురున్నారు. ఒకాయన రిటైరై చాలా ఏళ్ళయింది, అయినా ఏ మాట మొదలుపెట్టినా తను వెలగబెట్టిన ఉద్యోగం దగ్గరికే లాక్కెళ్తాడు, మంచినీళ్ళు అడిగినా ఉపన్యాసంలా ఉంటుంది. రెండోవాడు కుర్రాడు, ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తి కాకముందే కొట్టిపారేస్తాడు. మూడో ఆవిడ అందగత్తె, అద్దం లాంటిది ఏది కనపడినా ఆగి ఒకసారి చూసుకుంటుంది, ఎవరూ మెచ్చుకోకపోతే రోజంతా దిగాలుగా ఉంటుంది. ముగ్గురికీ నేను ఆ ఒక్క మాటే వాడాను. "వీళ్ళు ముగ్గురూ మూడు రకాల మనుషులు, ఒకే మాటలో ఎలా కట్టేశావు?" అని అడిగింది.

సరే కదా అని నిఘంటువులు ముందేసుకుంటే ఇంకా టెన్షన్ పెరిగింది. వెయిన్, కన్సీటెడ్, హాటీ, పాంపస్, స్మగ్, ఏది చూసినా అటు తిప్పి ఇటు తిప్పి గర్వం, అహంకారం, అహంభావం, ఇవే అర్థాలు. ఏది ఎప్పుడు వాడాలో తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పగలరా? పరీక్ష కోసం కాదు, కథ బాగుపడాలని అడుగుతున్నాను.

అక్షరమాల:

మీ ఫ్రెండ్ సరిగ్గా పట్టుకున్నారండీ. నేను చాలాకాలం పిల్లలకి ఇంగ్లీషు చెప్పాను. ఈ మాటల పక్కన తెలుగు అర్థం రాసిచ్చినన్నాళ్ళూ ఎవరికీ తేడా తెలియలేదు. తర్వాత అర్థాలు రాయడం మానేసి ఒక ప్రశ్న వెయ్యడం మొదలుపెట్టాను: ఈ మనిషి చూపు ఎటు ఉంది? తనని చూసేవాళ్ళ మీద ఉందా, తన లోపలికి ఉందా, ఎదుటివాడిని కిందకి తొక్కుతోందా? ఆ ఒక్క ప్రశ్నతో సగం మాటలు వాటంతట అవే విడిపోతాయి.

వెయిన్ తీసుకోండి (వీ, ఏ, ఐ, ఎన్, రక్తనాళం అనే వెయిన్ పలకడానికి ఇలాగే ఉన్నా వేరే మాట). లాటిన్‌లో వానుస్ అంటే ఖాళీ అని. ఇన్ వెయిన్ అంటే వృథాగా అని అర్థం రావడం అందుకే. బైబిల్లో ప్రసంగి గ్రంథం మొదట్లో తెలుగులో "వ్యర్థము వ్యర్థము" అని ఉన్నచోట 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషు అనువాదంలో వెయిన్‌కి నామవాచకమైన వ్యానిటీ అనే ఉంటుంది. తర్వాత తర్వాత ఆ ఖాళీతనం అనే అర్థం నుంచి, లోపల సరుకు ఉన్నా లేకపోయినా పైకి కనిపించేదాని మీద మోజు అనే అర్థం బలపడింది. అద్దం ఉన్న అలంకరణ బల్లని వ్యానిటీ అంటారు, మనం వ్యానిటీ బ్యాగు అంటాం. వెయిన్ మనిషి చూపు ఎప్పుడూ తనని చూస్తున్న కళ్ళ మీదే ఉంటుంది. జనం మెచ్చుకుంటే పొంగిపోతుంది, పట్టించుకోకపోతే వాడిపోతుంది. మీ మూడో ఆవిడ అచ్చంగా ఇదే. ఆవిడని యారొగెంట్ అంటే అన్యాయం, ఎందుకంటే ఆవిడ ఎవరినీ తక్కువ చెయ్యడం లేదు, పైగా అందరి మెప్పూ ఆవిడకి కావాలి.

కన్సీటెడ్ దీనికి కాస్త ఎడంగా ఉంటుంది. కన్సీవ్ అనే క్రియ నుంచి వచ్చింది, కన్సీట్ అంటే మొదట్లో ఆలోచన, ఊహ అనే అర్థం. దూరపు వస్తువుల్ని కలిపి కవి అల్లిన పెద్ద పోలికని ఇప్పటికీ కన్సీట్ అనే అంటారు. సెల్ఫ్ కన్సీట్ అంటే తన గురించి తను కట్టుకున్న ఊహ. రాను రాను సెల్ఫ్ ఊడిపోయి కన్సీట్ ఒక్కటే ఆ బరువంతా మోస్తోంది. ఇక్కడ చూపు లోపలికి. వీడికి ఎవరి పొగడ్తా అక్కర్లేదు, తీర్పు తనే రాసుకుని తనే సంతకం పెట్టేసుకున్నాడు. మాటల్లో అయితే ఇవాళ ఎక్కువమంది బిగ్ హెడెడ్ అనో ఫుల్ ఆఫ్ హిమ్‌సెల్ఫ్ అనో అంటారు, కన్సీటెడ్ కొంచెం పెద్దవాళ్ళ మాటలా వినిపిస్తుంది.

యారొగెంట్ వేరే దారి. లాటిన్‌లో అరొగారే అంటే తనకి హక్కు లేనిదాన్ని నాదే అని అడిగి తీసుకోవడం. యారొగేట్ అనే క్రియ ఇప్పటికీ అదే అర్థంలో బతికి ఉంది. అందుకే ఇందులో ఎప్పుడూ ఎదుటివాడి చోటు ఆక్రమించడం ఉంటుంది: వాడి మాట వినకపోవడం, వాడి అనుభవాన్ని లెక్కచెయ్యకపోవడం, అడక్కుండానే వాడి తరఫున నిర్ణయం తీసుకోవడం. గదిలో ఒంటరిగా కూర్చుని కూడా కన్సీటెడ్‌గా ఉండొచ్చు, యారొగెంట్‌గా ఉండాలంటే తోసెయ్యడానికి ఇంకొకరు కావాలి. మీ కుర్రాడికి ఈ మాట అతికినట్టు సరిపోతుంది, అక్కడ మార్చకండి.

ప్రౌడ్ గురించి కూడా ఒక మాట. 1813లో వచ్చిన జేన్ ఆస్టిన్ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో మేరీ అనే అమ్మాయి ఈ తేడానే చెబుతుంది: ప్రైడ్ మన గురించి మనం ఏమనుకుంటామన్నది, వ్యానిటీ ఎదుటివాళ్ళు మన గురించి ఏమనుకోవాలని ఆశపడతామన్నది. వ్యానిటీ లేకుండా ప్రైడ్ ఉండొచ్చు అంటుంది. రెండు వందల ఏళ్ళు దాటినా ఇంతకంటే తేలిగ్గా చెప్పినవాళ్ళు నాకు కనపడలేదు.

పదాలపుట్ట:

అక్షరమాల గారు చెప్పింది బాగుంది, కానీ తప్పంతా తెలుగు మీదకి నెట్టకండి, తప్పు నిఘంటువులది. మన దగ్గర పొగరు, టెక్కు, బడాయి, దర్పం, డాంబికం, మిడిసిపాటు, తలబిరుసు, విర్రవీగడం, కళ్ళు నెత్తికెక్కడం ఇన్ని ఉన్నాయి కదా. ఇవన్నీ ఒకటి కావు. పొగరు ఎదుటివాడికి తగులుతుంది, కాబట్టి యారొగెంట్‌కి దగ్గర. బడాయి నోట్లో ఉంటుంది, అది బోస్ట్‌ఫుల్. లేనిది ఉన్నట్టు చూపించేది డాంబికం. మిడిసిపాటు ఈ మధ్యే ఏదో కలిసొచ్చినవాడికి వస్తుంది, తరతరాలుగా ఉన్నవాడిని మిడిసిపడుతున్నాడని అనం. నిఘంటువు రాసేవాళ్ళు ఇంత దగ్గరి మాటలు వదిలేసి గర్వం, అహంకారం అని రెండు ముద్రలు గుద్దేసి వెళ్ళిపోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంకో సంగతి. మన పాతవాళ్ళు అష్టమదాలని లెక్కపెట్టారు: అన్నమదం, అర్థమదం, స్త్రీమదం, విద్యామదం, కులమదం, రూపమదం, ఉద్యోగమదం, యౌవనమదం. గమనించారా, ఇక్కడ విభజన అంతా దేనివల్ల తలకెక్కింది అనేదాని మీద. ఇంగ్లీషు మాటల్లో ఎక్కువ భాగం అది పైకి ఎలా కనపడుతోంది అనేదాని మీద విడిపోతాయి. రెండు గీతలూ రెండు వైపుల నుంచి గీసినవి, అందుకే ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. మీ మూడో ఆవిడది రూపమదం అనొచ్చు గానీ, రూపమదం ఉన్న మనిషి హాటీగా కూడా ఉండొచ్చు, వెయిన్‌గా కూడా ఉండొచ్చు.

కొత్తకలం:

ఇద్దరికీ చాలా థాంక్స్. మాటకి మాట వెతకడం మానేసి చూపు ఎటు ఉందో చూడాలన్నమాట, ఇది బాగా ఎక్కింది. మరి మా రిటైరైన పెద్దాయన సంగతేంటి? ఆయన్ని కన్సీటెడ్ అనొచ్చా? ఆయన అందంగా ఉన్నానని గానీ తెలివైనవాణ్ణని గానీ అనుకోడు, తను లేకపోతే పనులు ఆగిపోతాయని మాత్రం గట్టిగా నమ్ముతాడు.

రాత్రిచదువు:

ఆయనకి రెండు మాటలున్నాయండీ, సెల్ఫ్ ఇంపార్టెంట్, పాంపస్. నేను అనువాదాలు చేస్తుంటాను, ఈ జంట దగ్గర చాలాసార్లు ఆగాల్సి వచ్చింది. సెల్ఫ్ ఇంపార్టెంట్ అనేది నమ్మకం: నా పదవి, నా పని, నా సమయం అందరికంటే ముఖ్యం అనుకోవడం. ఆ నమ్మకం పైకి, అంటే గొంతులోకి, నడకలోకి, రాసే ఉత్తరంలోకి వచ్చేస్తే అది పాంపస్. గ్రీకులో పొంపే అంటే ఊరేగింపు, పాంప్ అంటే ఆర్భాటం. చిన్న విషయాన్ని కూడా ఊరేగింపుగా తీసుకురావడం పాంపస్. మంచినీళ్ళు అడిగినా ఉపన్యాసంలా ఉంటుందని మీరే రాశారు చూడండి, ఆ వాక్యానికి పాంపస్ తప్ప ఇంకో మాట లేదు. ఒక తేడా గుర్తుంచుకోండి, పాంపస్ మనిషికే కాదు, ప్రసంగానికి, రాతకి, బిరుదుకి కూడా వాడతారు. వెయిన్ మాత్రం అలా కుదరదు. వెయిన్ డెసిషన్ అని రాస్తే అహంకారంతో తీసుకున్న నిర్ణయం అని ఎవరూ అనుకోరు, ఫలితం లేని నిర్ణయం అనుకుంటారు. ఒక పుస్తకంలో నేనే ఇలా రాసి అచ్చయ్యాక చూసుకుని చాలా బాధపడ్డాను. యారొగెంట్ డెసిషన్ అయితే ఏ ఇబ్బందీ లేదు.

హాటీ, సూపర్‌సిలియస్ కూడా అడిగారనుకుంటా, త్వరగా చెప్పేస్తాను. ఎత్తు అనే అర్థమిచ్చే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది హాటీ, మధ్యలో ఉన్న జీ హెచ్ తర్వాత చేరినవి. మనిషి దూరంగా, పైనుంచి, ముక్తసరిగా ఉంటాడు. సూపర్‌సిలియస్ లాటిన్‌లో కనుబొమ్మ అనే మాట నుంచి వచ్చింది, ఒక కనుబొమ్మ ఎత్తి చూసే చూపు గుర్తు తెచ్చుకుంటే చాలు, ఇంకేమీ బట్టీ పట్టక్కర్లేదు.

స్మగ్ మాత్రం కొంచెం ఆగి చూడాల్సిన మాట. అది మనిషి స్వభావం కంటే ఎక్కువగా ఒక క్షణం. చూశావా, నేను ముందే చెప్పానా లేదా అన్నప్పుడు పెదవి చివర వచ్చే ఆ నవ్వు ఉంటుందే, అది స్మగ్. ఎదుటివాడు ఓడిపోయినప్పుడో పొరపాటు చేసినప్పుడో ఎక్కువగా కనిపిస్తుంది. మంచివాళ్ళు కూడా ఒక నిమిషం స్మగ్‌గా ఉండొచ్చు, కాబట్టి పాత్ర మొత్తానికి తగిలించకుండా ఒక సన్నివేశంలో వాడితే బాగా పండుతుంది. కంప్లేసెంట్ దీనికి చుట్టమే గానీ అందులో నవ్వు లేదు, అంతా బాగానే ఉందిలే అని ముంచుకొచ్చేది చూసుకోకపోవడం ఉంది.

చిన్నఅలల:

నాకు తోచింది ఒకటి. మనం తెలుగులో కలిపి మాట్లాడే ఇంగ్లీషు మాటలే ఇక్కడ ఎక్కువ ముంచుతాయి. వాడికి యాటిట్యూడ్ ఎక్కువ, హెడ్ వెయిట్, బిల్డప్ ఇస్తున్నాడు, ఈగో హర్ట్ అయింది, ఇవన్నీ మన మధ్య చక్కగా పనిచేస్తాయి, కథలో పెడితే మాత్రం బయటివాళ్ళకి వేరేలా అర్థమవుతాయి. హెడ్ వెయిట్ అంటే వాళ్ళకి తల బరువెంత అన్నట్టే ఉంటుంది, వాళ్ళ మాట బిగ్ హెడెడ్. బిల్డప్ అంటే మెల్లగా పేరుకోవడం. యాటిట్యూడ్ అంటే మామూలుగా దృక్పథం, హీ హ్యాజ్ యాన్ యాటిట్యూడ్ అంటే దురుసు అనే అర్థం వస్తుంది గానీ గర్వం అని కాదు. ఈగో అంటే లాటిన్‌లో నేను, అంతే. బిగ్ ఈగో అంటే తప్పు లేదు, కానీ మనం ఆత్మాభిమానం దెబ్బతిందన్న అర్థంలో వాడే చోటల్లా ఈగో పెడితే ఆ మనిషే చెడ్డవాడైపోతాడు.

ఈగోటిస్ట్, ఈగోయిస్ట్ తేడా కూడా చెప్పండి ఎవరైనా, నేను ఎప్పుడూ తికమకపడతాను. స్నాబ్ అనేది కూడా లాటిన్‌లో సినే నొబిలిటాటే, అంటే పెద్ద వంశం లేనివాడు అనే మాటకి పొట్టి రూపమని చదివాను, అది కూడా ఈ గుంపులోకే వస్తుందా?

రాత్రిచదువు:

ఆ సినే నొబిలిటాటే కథ నిజం కాదండీ, తర్వాత ఎవరో అల్లినది. స్నాబ్ అంటే మొదట చెప్పులు కుట్టే పనివాడు. ఆ తర్వాత సామాన్యుడు అనే అర్థం, ఆ తర్వాత పెద్దవాళ్ళని అనుకరించడానికి తాపత్రయపడేవాడు అనే అర్థం వచ్చాయి. 1848లో పుస్తకంగా వచ్చిన ఇంగ్లీషు నవలా రచయిత థాకరే వ్యాసాలు ఆ అర్థాన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చాయి. ఇప్పుడైతే తనకంటే తక్కువ అనుకున్నవాళ్ళని, వాళ్ళ అభిరుచుల్ని చిన్నచూపు చూసేవాడు. ఒక మాట అసలు అర్థం తిరగబడి కింద నుంచి పైకి ఎక్కడం చూస్తుంటే నాకు ముచ్చటేస్తుంది.

మీ తికమకకి చిన్న గుర్తు. ఈగోటిస్ట్‌లో టీ ఉంది, టాక్‌లోనూ టీ ఉంది. ఎప్పుడూ నేను, నా అని తన గురించే మాట్లాడేవాడు ఈగోటిస్ట్. ఈగోయిస్ట్ ఎక్కువగా తత్వశాస్త్రం మాట, మనిషి చేసే పనికి స్వప్రయోజనమే ఆధారం అనే సిద్ధాంతం ఈగోయిజం. ఈగోయిస్ట్ మనిషి నోరు విప్పకపోవచ్చు కూడా. మామూలు వాడుకలో జనం రెండూ కలిపేస్తారు, కానీ రాసేటప్పుడు విడిగా ఉంచుకోవడం మంచిది.

మనసుపాఠం:

నేను సైకాలజీ చదువుకున్నాను, ఇంతవరకూ ఎవరూ ఎత్తని మాట ఒకటుంది, నార్సిసిస్ట్. కొత్తకలం గారూ, మీ మూడో ఆవిడకి అద్దం ఉంది కాబట్టి ఈ మాట తప్పకుండా మీ మనసులోకి వస్తుంది. దయచేసి వాడకండి. నీటిలో తన ప్రతిబింబాన్ని చూసి ప్రేమలో పడిన నార్సిసస్ కథ రోమన్ కవి ఓవిడ్ చెప్పాడు, పేరు అక్కడిదే. 1914లో ఫ్రాయిడ్ దీని మీద ప్రత్యేకంగా వ్యాసం రాశాడు. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక రుగ్మతల్ని గుర్తించడానికి తను ప్రచురించే డీఎస్ఎం అనే పుస్తకం మూడో కూర్పులో దీన్ని వ్యక్తిత్వ రుగ్మతగా చేర్చింది. ఇప్పటి కూర్పులో తొమ్మిది లక్షణాలు చెబుతారు, కనీసం ఐదు ఉండాలి, అవి కూడా ఏళ్ళ తరబడి, రకరకాల సందర్భాల్లో కనపడాలి. అందులో ఎదుటివాళ్ళని వాడుకోవడం, వాళ్ళ బాధ పట్టకపోవడం లాంటివి ఉన్నాయి. సెల్ఫీలు ఎక్కువ తీసుకునేవాళ్ళని, గొడవపడి విడిపోయినవాళ్ళని అందరూ ఇప్పుడు నార్సిసిస్ట్ అనేస్తున్నారు. నిజంగా అలాంటి మనిషితో ఏళ్ళు గడిపి నలిగిపోయినవాళ్ళు ఆ మాట చెప్పుకున్నప్పుడు దానికి బరువు లేకుండా పోతోంది. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు. మీ కథలో ఆవిడ పొగడ్త లేకపోతే దిగాలు పడుతోంది, ఎవరికీ హాని చెయ్యడం లేదు, వెయిన్ చాలు.

అక్షరమాల:

మనసుపాఠం గారు చెప్పినదానితో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తాను. ఇలాగే హ్యూబ్రిస్‌ని కూడా పొదుపుగా వాడాలి. ఈ రోజుల్లో దాని అర్థం హద్దు మరిచిన అహంకారం, దాని వెనకే పతనం. ప్రాచీన ఏథెన్స్‌లో మాత్రం అది ఒక నేరం, ఎదుటివాడిని కావాలని అవమానించి ఆనందించడం మీద కోర్టుకెళ్ళొచ్చు. మామూలు మనిషి చిన్న బడాయికి హ్యూబ్రిస్ అంటే చీమ మీదకి సైన్యాన్ని పంపినట్టుంటుంది. రాజ్యాలకి, పెద్ద కంపెనీలకి, ఓడిపోయే ముందు నాయకులకి సరిపోతుంది.

ప్రౌడ్ గురించి ఇందాక సగమే చెప్పాను. అది రెండు వైపులా తిరిగే మాట, మన గర్వం కూడా అంతే కదా. నిన్ను చూసి గర్వపడుతున్నాను అంటే ప్రేమ, వాడికి గర్వం ఎక్కువ అంటే తిట్టు. ఇంగ్లీషులో ప్రౌడ్ పక్కన ఆఫ్ వచ్చి, ఎవరి గురించో దేని గురించో చెబితే చాలావరకు మంచి అర్థం. అలా ఏమీ లేకుండా ఉత్తగా ప్రౌడ్ మ్యాన్ అంటే చుట్టూ ఉన్న వాక్యాన్ని బట్టి అభిమానవంతుడైనా కావచ్చు, తల దించనివాడైనా కావచ్చు. టూ ప్రౌడ్ టు ఆస్క్ అంటే అడగడానికి అభిమానం అడ్డొచ్చినవాడు. ఇక్కడ యారొగెంట్ పెడితే ఆ మనిషి మీద పాఠకుడికి కలగాల్సిన జాలి మొత్తం పోతుంది.

కొత్తకలం:

రాత్రంతా కూర్చుని మార్చాను. పెద్దాయన పాంపస్, ఒకచోట మాత్రం సెల్ఫ్ ఇంపార్టెంట్. ఆవిడ వెయిన్ అబౌట్ హర్ లుక్స్. కుర్రాడు యారొగెంట్‌గానే ఉన్నాడు, కానీ చివర్లో అతను తప్పని తేలాక క్షమాపణ అడగలేక గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోతాడు. అక్కడ కూడా యారొగెంట్ అనే ఉంది. మీరు చెప్పిన టూ ప్రౌడ్ చదివాక అనుమానం వచ్చింది.

అక్షరమాల:

అక్కడ మార్చండి. గుమ్మం దాకా వచ్చాడంటే ఎదుటివాళ్ళు అతని లెక్కలోకి వచ్చేసినట్టే, ఇక తోసెయ్యడం లేదు. టూ ప్రౌడ్ టు నాక్ అని రాసి వదిలెయ్యండి, ఆ వాక్యంలో ఇంకే విశేషణమూ పెట్టకండి.